కార్డు మూల పేరు

మయూర్ విహార్‌లోని ఆ ఫ్లాట్‌లో పొద్దున్నే కుక్కర్ కూతలతో పాటు టైపు మిషను టకటకలు కూడా వినిపించేవి. బాల్కనీలో కూర్చుని టైపు కొట్టేది హ్యారియట్ దొరసాని. వందేళ్ల కిందట హాలీవుడ్ మూకీ సినిమాలకు కథలు రాసిన మనిషి. చనిపోయి చాలాకాలమైనా రాసే అలవాటు పోక ఛాయాదేవి ఇంట్లో మకాం పెట్టింది. లిఫ్టు తలుపు సరిగ్గా వెయ్యదన్న ఫిర్యాదు తప్ప సొసైటీలో ఎవరికీ ఆమెతో పేచీ లేదు.

దొరసానికి గొంతు లేదు. ఏదైనా చెప్పాలంటే మూకీల్లోలాగే గాల్లో నల్లటి కార్డు వెలిసేది, దాని మీద తెల్లటి అక్షరాలు. ఛాయాదేవి దగ్గర ఉండీ ఉండీ ఆమెకు తెలుగు పట్టుబడింది. ఛాయాదేవి కూతురు సాత్వికకు మాత్రం తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. కార్డు వెలిసినప్పుడల్లా "మమ్మీ, పఢ్ దో నా" అనేది. ఛాయాదేవి దోసె తిరగేస్తూ చదివి వినిపించేది.

ఛాయాదేవిదీ కథలల్లే పనే. సినిమావాళ్లకు కథ నోటితో చెప్పాలి. కాగితం చూపిస్తే చిన్నబుచ్చుకుంటారు. నోయిడాలో నిర్మాత మనోహర్ కళ్లు మూసుకుని ఆమె కథలు రెండు విన్నాడు. రెండూ వెబ్ సిరీస్‌లయ్యాయి. రెండింటి మీదా రచయితగా అతని పేరే పడింది. అడిగితే "ఇంట్లో మనిషివి, నీకు పేరెందుకమ్మా?" అన్నాడు.

ఇప్పుడు చెప్పబోయేది దొరసాని జీవితమే. వందల కథలు రాసి, తెర మీద దర్శకుల పేర్లే చూసుకున్న ఆడదాని కథ. ఇదీ మనోహర్ నోట్లో పడితే ఇద్దరికీ దిక్కులేదు.

"ఏం చెయ్యనండీ? చెప్పకపోతే పని లేదు, చెబితే పేరు లేదు," అని ఛాయాదేవి బాల్కనీలో కూలబడి ఏడ్చింది.

కార్డు వెలిసింది. "ఆఖరి కథకి నేను గొంతు ఇచ్చేశాను. ఇస్తే మాటలు అచ్చవుతాయి. ప్రతి కార్డు మూలన నీ పేరుంటుంది. ఎవరూ చెరపలేరు."

"గొంతు మళ్లీ రాదా?"

"రాదు."

ఛాయాదేవి ఇంకేమీ ఆలోచించకుండా గొంతు ఇచ్చేసింది. ఆలోచించి ఉండాల్సింది.

మనోహర్ ఎప్పట్లాగే కళ్లు మూసుకుని "కానీవమ్మా" అన్నాడు. ఎంతకీ మాట వినపడకపోయేసరికి తెరిచాడు. గది నిండా కార్డులు, ప్రతిదాని మూలన 'రచన: ఛాయాదేవి'. చేత్తో తుడిస్తే పోలేదు. మేనేజర్‌ని పిలిచి ఆ కథ తనదిగా చెప్పబోతే, అతని నోటి ముందు కూడా ఆమె పేరున్న కార్డే వెలిసింది.

"సరే, నీ పేరే వేద్దాం," అన్నాడు నీరసంగా.

మెట్రోలో దారిపొడుగునా ఆమె నవ్వుకుంటూనే ఉంది. తలుపు తీసిన సాత్విక ఆత్రంగా "క్యా హువా మమ్మీ? నామ్ మిలా?" అంది.

ఛాయాదేవి నోరు తెరిచింది. ఇద్దరి మధ్యా కార్డు వెలిసింది. "వచ్చిందే తల్లీ, అమ్మ పేరు వచ్చింది."

సాత్విక ఆ తెల్లటి అక్షరాలకేసి చూసింది. బాల్కనీలో దొరసాని టైపు ఆపి తల దించుకుంది. పిల్ల అలవాటుగా తల్లి చున్నీ పట్టుకుని, "మమ్మీ, పఢ్ దో నా," అంది.