ఈల వేయని పళ్లు

బావగారు ఆమె కట్టుడు పళ్ల కొట్టుకు వచ్చి కుర్చీలో కూర్చుని నోరు తెరిచేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ నోట్లో ఒక్క పన్ను లేదు. బోసినోరు ఎవరిదైనా జాలిగానే ఉంటుంది గానీ, ఇది ఆ నోరు! భర్త సమాధి మీద మట్టి ఇంకా కప్పకముందే, సంఘమంతా వింటుండగా "విశ్వాసం చాలలేదు" అని తీర్పు చెప్పిన నోరు. పోయినవాడు ఆయనకు సొంత తమ్ముడు. ఆస్పత్రిని నమ్మినంతగా ప్రభువును నమ్మి ఉంటే బతికేవాడట!

అప్పటినుంచి ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఆరాధనకు వెళ్లేది, చివరి బెంచీలో కూర్చునేది, సంఘపెద్ద హోదాలో ఆయన వాక్యం చదవడానికి లేచినప్పుడల్లా తన చెప్పుల వంక చూసుకునేది. కట్టుడు పళ్లు చేసే కొట్లు ఇంకెక్కడా లేవా అంటే, బోలెడున్నాయి.

"మనింటి చేతిపని కదమ్మా. నెలాఖరు ఆదివారం నేనే చదవాలి," అన్నాడాయన. పళ్లు లేక మాటలో సగం గాలే వచ్చింది.

ఆమె ముఖం మాడ్చుకుని చిగుళ్ల అచ్చు తీసి ఆయన్ని పంపించింది. వెనక గదిలో బఠాణీలు ఒలుస్తున్న అత్తగారి ముందు చతికిలబడింది.

"చూడండత్తయ్యా, ముందు పళ్ల వెనక, అంగిలి మీద సన్నగా ఓ గాడి గీస్తాను. ఎవరి కంటికీ కనపడదు. స అన్నా శ అన్నా ఈలే! సంఘమంతా పడీపడీ నవ్వాలి."

అత్తగారికి నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

"వాడు నా పెద్దకొడుకు, పోయినవాడు నా చిన్నకొడుకు. నాకు మాత్రం కడుపు మండలేదనుకున్నావా? కానీ ప్రభువు ఏం చేయమన్నాడే? తప్పు చేసినవాడి దగ్గరికెళ్లి, మీరిద్దరే ఉన్నప్పుడు మొహం మీద చెప్పమన్నాడు. ఎప్పుడైనా చెప్పావా?"

"చేసింది ఆయనకి తెలీదా?"

"తెలీదు. వాడికి చిన్నప్పట్నుంచీ అంతే, చెప్తే గానీ తెలీదు. నేను చెప్పేది నేను చెప్పేశాను. నీ వంతు నువ్వు చెప్పుకో."

ఆమె విసురుగా లేచి కొట్లోకొచ్చి మైనం కరిగించడం మొదలుపెట్టింది. "ప్రభువా, నీ ఆజ్ఞలన్నీ కడుపు మండినవాళ్లకేనా? నోరు మూసుకోమని ఆయనకొక్క ఆజ్ఞ ఇస్తే నీ సొమ్మేం పోయింది?" అని పైకే అడిగింది. బావగారిని నిలదీయకపోవడానికి అసలు కారణం కోపం కాదు, భయం. మొహం మీద అడిగితే ఆయన మళ్లీ అదే మాటంటే? అదే నిజమైతే? తన ప్రార్థనలే చాలక మనిషి పోయాడేమోనన్న పురుగు ఆమెను లోపల తొలిచేస్తోంది. చెక్కే పనిముట్టు చేతిలోనే ఉంది. గాడి మాత్రం ఇంకా గీయలేదు.

మైనంలో పేర్చిన పళ్లు పెట్టి చూసుకోవడానికి బావగారు మళ్లీ వచ్చాడు. అత్తగారు లోపలికెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఈ దశలో ఒక మాట పలికించి వినాలి. వ అన్నప్పుడు పెదవి పంటికి సరిగా తగులుతోందా, స దగ్గర గాలి తప్పుతోందా, ల దగ్గర నాలుక ఆనుతోందా, అన్నీ చెవితోనే తెలియాలి. అందరిచేతా ఆమె "వచ్చే శనివారం సంతలో చూద్దాం" అనిపిస్తుంది.

"బావగారూ, ఒక మాట అనండి. విశ్వాసం చాలలేదు."

"విశ్వాసం చాలలేదు," అన్నాడాయన బుద్ధిమంతుడిలా.

"ఇంకోసారి."

"విశ్వాసం చాలలేదు."

"ఇంకోసారి."

"విశ్వా..." అని ఆగిపోయాడు.

"ఆగారేం? ఆ రోజు ఆగలేదుగా! మీ తమ్ముడు నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా ప్రార్థన మానలేదు. నేను మోకాళ్ల మీదే తెల్లవార్చాను. అది చాలలేదా? ఎంతుంటే చాలుతుందో కొలిచే గిన్నె మీ దగ్గరుందా? ఇప్పుడు ప్రార్థనకు కళ్లు మూసుకుంటే నాకు ప్రభువు కాదు, మీరు కనపడుతున్నారు! తప్పు చేశారు బావగారూ. చాలా పెద్ద తప్పు. ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమన్నాడు ప్రభువు, కాబట్టి చెప్పాను. నా ఇష్టానికొదిలేస్తే మీచేత పదిమందిలో ఈల వేయించేదాన్ని."

ఆయన ముఖం కందిపోయింది. "నేను దేవుడి మాటే..." అని మొదలెట్టి మింగేశాడు. మైనం పళ్లు తీసి ఆమె అరచేతిలో పెట్టి, బోసినోటితోనే వెళ్లిపోయాడు.

"చూశావా? నీ మాట విన్నందుకు ఇదీ ఫలితం!" అని ఆమె పైకప్పు వైపు చూసి అరిచింది. శాంతీ లేదు, సమాధానమూ లేదు. పనిముట్టు ఎదురుగానే ఉంది, గాడి గీయడం ఒక్క గీతతో అయిపోయే పని. పళ్లు నూరుకుంటూనే ఆమె మైనం తీసి, దాని చోట గట్టిపడే ప్లాస్టిక్ పోసి, అంగిలి నున్నగా అరగదీసింది. పూర్తయ్యాక అత్తగారిచేత పంపించింది.

ఆదివారం బావగారు లేచాడు. ఆమె చెప్పుల వంక చూసుకుంది. ఆయన గ్రంథం తెరిచి, మళ్లీ మూసేశాడు.

"మా తమ్ముడి సమాధి దగ్గర మీ అందరి ముందూ విశ్వాసం చాలలేదన్నాను. అది తప్పు. చాలనిది నాది. వాడి నొప్పి చూసే ధైర్యం లేక, ఆస్పత్రి గుమ్మం కూడా తొక్కలేదు నేను. ఆ సంగతి మా మరదలికి తెలుసు. అయినా మీ ముందు నన్ను అల్లరిపెట్టలేదు."

ఆమె తలెత్తింది. గుమ్మం తొక్కలేదన్న మాటకు పాత కోపమే మళ్లీ భగ్గుమంది. కానీ అలవాటైన చెవులు వాటి పని అవి చేసుకుపోయాయి. వ తగిలింది, ల ఆనింది, స దగ్గర గాలి తప్పలేదు.

"భలే కుదిరాయే!" అని అత్తగారు మోచేత్తో పొడిచింది.

"మీరూరుకోండత్తయ్యా," అంది ఆమె, ముక్కు చీదుకుంటూ.

ప్రార్థనకు అందరూ తల వంచారు. ఆమె కూడా కళ్లు మూసుకుంది. బావగారు కనపడలేదు.

"నీ మీద ఇంకా కోపంగానే ఉంది," అంది ప్రభువుతో. ఇన్నాళ్లకు ఆ మాట ఆయన మొహం మీదే చెప్పింది.