అరవని పంది

కోడి కూయకముందే ఖాంగ్ పందికి సారా మడ్డి కలిపిన తవుడు పెట్టాడు. అది తూలి పడ్డాక అరటినారతో మూతి బిగించి కత్తి దించాడు. పంది కిక్కురుమనలేదు. సహకార సంఘం రోజుల్లో ఊరంతా ఇలాగే దొంగతనంగా కోసుకునేది. అరుపు బయటికొస్తే పంది సర్కారుకి, మనిషి ఠాణాకి.

ఇప్పుడా భయం లేదు. ఎర్రనది కింది పొలాలన్నీ ఇళ్ళవారీగా పంచేశారు. ఎవరి పందిని వాళ్ళు కోసి అమ్ముకోవచ్చని హనోయి చెప్పిన మాట మైకులో ఊరంతటికీ వినిపించారు. ఖాంగ్ చెవులు విన్నాయి గానీ చేతులు వినలేదు.

అతని పెళ్ళాం మియెన్ హుషారుగా మాంసం బుట్టలకెత్తి, సంఘం గిడ్డంగి ముందు వెదురు బల్ల వేసింది. ఈ పంది అమ్ముడైతే గాలివానల లోపు ఇంటికి పెంకు వస్తుంది. ఎండెక్కేదాకా మిగిలిపోతే మాంసమూ పోతుంది, పెంకూ పోతుంది.

ఆడవాళ్ళు వస్తున్నారు, చూస్తున్నారు, చెరువవతలి ఇంటికి పోతున్నారు. అక్కడ కోసిన పంది తెల్లారుతూనే ఊరెగిరిపోయేలా అరిచింది మరి.

"ఏం బీక్ అత్తా, మొహం చాటేసి పోతున్నావ్?" అని మియెన్ కేకేసింది.

"ఏం లేదే అమ్మాయ్. మీ పంది గొంతు ఎవరూ విననేలేదుగా. రోగమొచ్చి పోయిందేమోనని అనుకుంటున్నారు. నేనన్లేదు సుమా."

మియెన్ మొగుడి వైపు తిరిగింది. "విన్నావా? దాని మూతి కట్టి మన నోట్లో మట్టి కొట్టావు."

ఖాంగ్ తల గోక్కున్నాడు. "ఏం చెయ్యనే, కత్తి పట్టుకుంటే నార దానంతటదే చేతికొస్తది."

ఈగలు ముసురుతున్నాయి. కడగని పొట్ట సంచి ఇంకా బుట్టలోనే ఉంది. మియెన్ దాన్ని బల్ల మీదకి లాగి నిలువునా చీల్చింది. తవుడు పొంగి బయటపడింది.

"రోగపు పంది కూడు ముడుతుందా అత్తా? చూడు, పెళ్ళిభోజనం చేసి మరీ పోయింది."

అత్త తొంగిచూసేలోపే తాటాకు టోపీ ఒకటి అడ్డొచ్చింది. సంఘం పాత పెద్ద దొయాన్ తాత. ఒకప్పుడు ఇల్లిల్లూ తిరిగి పొయ్యిలు వాసన చూసిన ముక్కు అతనిది. ఖాంగ్ చెయ్యి తనకు తెలియకుండానే మాంసం మీద తామరాకు కప్పేసింది.

తాత వంగి గాలి పీల్చి, కళ్ళు మూసుకున్నాడు.

"సారా మడ్డి. ఏ గుమ్మంలో ఈ వాసనొచ్చినా జలుబు చేసిందని ముక్కు తుడుచుకుంటూ పోయేవాణ్ణి. ఒక్కరూ ఒక్క ముక్క పెట్టిన పాపాన పోలేదు. రోగమొచ్చిన పంది ఇంత కమ్మగా చస్తుందా? ఆకు తియ్యరా ఖాంగ్, కార్జం నాకు కట్టు."

గిడ్డంగి ముందు నవ్వులు గొల్లుమన్నాయి. ఆ వాసన తెలియని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. బీక్ అత్త అందరినీ తోసుకుని ముందుకొచ్చింది. "నేను ముందే చెప్పలా, మంచి పంది అని?"

ఎండ గిడ్డంగి గడప దాటకముందే బల్ల ఖాళీ అయింది. ఖాళీ బుట్టలు కావడికి తగిలిస్తూ ఖాంగ్ అన్నాడు, "వచ్చేసారి మూతి కట్టన్లే."

"కట్టకు," అంది మియెన్. "మడ్డి మాత్రం మానకు. తాత మళ్ళీ వస్తానన్నాడు."