ఏమీ లేదన్నది నేను కాదు

నేను ఒక ఈసీజీ యంత్రాన్ని. అమలాపురంలో ఓ చిన్న నర్సింగ్‌హోములో పదకొండేళ్ళు పనిచేశాను. గుండె కొట్టుకునే తీరును గళ్ళకాగితం మీద గీయడం తప్ప నాకు వేరే విద్య రాదు. మనుషులు మాత్రం నేనేదో జాతకం రాస్తున్నట్టు ఊపిరి బిగబట్టి చూస్తారు. డాక్టరు ‘నార్మల్’ అనగానే కొబ్బరికాయ కొట్టడానికి పరిగెత్తుతారు.

మంగతాయారు మాత్రం ఆ మాట వింటే ఏడ్చేది. ఇంట్లో జాకెట్లు కుట్టుకునే మనిషి. కుడుతూ కుడుతూ ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక, చచ్చిపోతున్నానని కేకపెట్టేది. భర్త వీరభద్రం ఆటోలో తెచ్చేవాడు. నా క్లిప్పు పెట్టాలంటే మణికట్టు మీది తాయెత్తును పైకి జరపాలి. మొదట ఒకటే ఉండేది, తర్వాత మూడయ్యాయి.

“ఏమీ లేదమ్మా, నిక్షేపంలా ఉన్నావు” అనేవాడు డాక్టరు.

ఏమీ లేదని నేనెప్పుడు గీశాను? గుండె బాగుందన్నాను, అంతే. ఆవిడ బాధ నా గళ్ళలో పట్టేది కాదు. అది చెప్పడానికి నాకు నోరు లేదు. నోరున్నవాళ్ళకు తీరిక లేదు.

ఆరోసారి వచ్చినప్పుడు నర్సు సలోమి ఆవిడ పక్కన కూర్చుంది. “ఇది గుండెజబ్బు కాదక్కా, ఆందోళన. మా అమ్మకీ ఇలాగే వచ్చేది. మానసిక వైద్యుడికి చూపించాం, తగ్గింది.”

మంగతాయారు తల ఎత్తింది. “తగ్గుద్దా?”

“మా ఆవిడకేమన్నా పిచ్చా అండీ?” అన్నాడు వీరభద్రం. “ఊళ్ళో తెలిస్తే జాకెట్టు కుట్టమని ఎవరిత్తారు?”

సలోమి నా కాగితం వెనక ఆ మానసిక వైద్యుడి పేరు, ఫోను నంబరు రాసి ఇచ్చింది. వీరభద్రం దాన్ని చూడకుండానే మడిచి, పాత కాగితాలుండే చీరల కొట్టు సంచిలో కుక్కాడు. ఆవిడ గుమ్మం దాటేదాకా సలోమినే చూస్తూ వెళ్ళింది.

మళ్ళీ రాలేదు. నయమైందో, చచ్చిపోయిందో, గదిలో తలుపేసుకుని వణుకుతోందో నాకు తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను తినేస్తోంది.

ఇప్పుడు పాత ఇనుప సామాన్ల కొట్టులో కాటా పక్కన పడి ఉన్నాను. నా గీతలు ఏళ్ళ తరబడి నిలవవు, వెలిసిపోతాయి. ఆ సంచిలో ఆరు కాగితాలూ ఈపాటికి తెల్లబడి ఉంటాయి. సలోమి పెన్నుతో రాసింది మాత్రం ఉంటుంది.

ఆ తల్లి ఒక్కసారి కాగితం తిప్పి చూస్తే బాగుండును.