వాన వెలిసిన రంగు

ఏమమ్మా, కథ చదవడానికి తీరిగ్గా కాళ్ళు చాపుకుని కూర్చున్నావు, బాగానే ఉంది. పొయ్యి మీద పాలు పెట్టినట్టున్నావు, కట్టేశావా? వెళ్ళి చూసి రా, నేనెక్కడికీ పోను.

వచ్చావా? పాలూ లేవు, పొయ్యీ వెలగడం లేదు కదూ? నాకు తెలుసు, ఉత్తినే అన్నాను. కానీ ఒక్క సంగతి గమనించావా, ఆ మాట వినగానే లేచింది నువ్వే. పక్కన ఫోను చూసుకుంటున్న పెద్దమనిషి మోకాలైనా కదిపాడా? నేను చెప్పబోయేది కూడా ఇలా లేచి పరిగెత్తే మనిషి గురించే. మా అక్క కూతురు.

దానికి అసలు పేరొకటి ఉంది గానీ నా నోట్లో ఎప్పుడూ సిరాబుడ్డే. చిన్నప్పుడు పెన్నులోంచి సిరా పీల్చి నీలం నాలికతో ఊరంతా తిరిగింది. సిరా తియ్యగా ఉంటుందని దానికి ఎవరు చెప్పారని మాత్రం అడక్కు. ఇప్పుడది నీళ్ళ బిల్లుల ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. మూడో అంతస్తులో ఇల్లు. ఇంట్లో మొగుడు, అత్తగారు. మొగుడు చెడ్డవాడు కాదు. చెయ్యి ఎత్తడు, గొంతు ఎత్తడు, తిన్న కంచం కూడా ఎత్తడు.

సిరాబుడ్డికున్న పిచ్చి ఒక్కటే. జీతంలో ఇంటికి పోగా తనకని మిగుల్చుకున్నదాంతో ఏడాదికొక ఇటలీ పెన్ను కొంటుంది. పాత దుప్పటి గుడ్డతో అరలు అరలుగా కుట్టుకున్న సంచిలో వాటిని చుట్టి పెట్టుకుంటుంది. మొదటిసారి నా ముందు విప్పినప్పుడు నేను ఊరుకుంటానా?

"ప్లాస్టిక్కేగా" అన్నాను.

"రెజిన్ మావయ్యా."

"రెజిన్ అంటే ప్లాస్టిక్కేగా."

"నువ్వూ కోతీ చుట్టాలేగా. ఒకటేనా మరి?" అంది.

ఆ మాటంటూనే ఒక పెన్ను తీసి కిటికీ దగ్గర వెలుగుకి పట్టి చూపించింది. నీళ్ళ గ్లాసులో పాలచుక్క వేస్తే, ఇంకా కలవకముందు దారాలు దారాలుగా దిగుతుంది చూడు, ఆ దిగడాన్ని అలాగే ఆపేసినట్టుంది లోపల. కాస్త తిప్పితే ఆ దారాలు కదిలినట్టే ఉంటాయి. రంగులు కలిపి కడ్డీగా పోతపోసి, ఆ కడ్డీని చెక్కి పెన్ను చేస్తారట. ఒకే కడ్డీలోంచి వచ్చిన రెండు పెన్నులు కూడా ఒకలా ఉండవట. స్టీలు పెన్ను పట్టుకుంటే చెయ్యి చల్లబడుతుందిట, ఇది మాత్రం చేతి వేడిని తనలో దాచుకుంటుందిట. చెబుతుంటే దాని మొహం కూడా అచ్చం అలాగే లోపల్నుంచి వెలిగింది. ఇంత చూసినా నేను ఊరుకోకుండా, దీనికి పప్పీ అని పేరు పెట్టి మెడలో గొలుసు కట్టు అన్నాను. అది వేరే సంగతి.

సిరాబుడ్డి రాత ముత్యాల్లా ఉంటుంది. అదే దాని ప్రాణానికొచ్చింది. ఆఫీసులో ఎవరు రిటైరైనా కార్డు మీద నాలుగు మంచి మాటలు రాయడం దీని పనే. మీటింగులో మాట్లాడేది వాళ్ళు, రాసుకునేది ఇది. నీ రాత బావుంటుంది కదమ్మా అని వాళ్ళ పెద్దసారు అన్న ప్రతిసారీ ఆ బావుండడంలోంచి ఇంకో పని పుడుతుంది. ప్రమోషన్ల వేళకి మాత్రం ఆ రాత ఎవరికీ గుర్తుండదు. ఒకసారి ఆ పెద్దసారు సంతకానికని దీని చేతిలో పెన్ను లాక్కుని, బాల్‌పెన్ను నొక్కినట్టు నొక్కి, పాళీని పిట్టముక్కులా తెరిచిపెట్టాడు. ఏంటమ్మా ఈ బొమ్మ పెన్ను అని తిరిగిచ్చేశాడు. ఆ పూట బాత్రూములోకి వెళ్ళి ఏడ్చిందట. పెన్ను పోయిందని ఏడ్చిందేమో అనుకున్నాను. కాదు మావయ్యా, ఫర్వాలేదు సార్ అని నేనే అన్నాను, అందుకు ఏడ్చాను అంది.

ఇంట్లో మాటలు ఇంకోలా ఉంటాయి. నగైతే మెళ్ళో వేసుకుంటాం, దీన్నేం చేసుకుంటావమ్మా, చెవిలో తిప్పుకుంటావా అంటుంది అత్తగారు. పెన్ను ఒకటి చాలదా, నీకెన్ని చేతులున్నాయి అంటాడు మొగుడు. "ఆ ప్రశ్న ఆయన వంటింట్లో ఎప్పుడూ అడగలేదు మావయ్యా" అని నాతో అని నవ్వింది. నవ్వే గానీ, ఆ నవ్వు మధ్యలో కాస్త ఆగింది. చుట్టాల ఇళ్ళకి వెళ్ళే కానుకల కవర్ల మీద పేర్లు, బ్యాంకు అర్జీలు, అత్తగారి మందుల వేళలు, అన్నీ దీని చేతే రాయిస్తారు. ఆఫీసు నుంచొచ్చి కుక్కరు పెట్టి, అది కూత పెట్టేలోపు దొరికే కాసేపే దానిది. అప్పుడు సంచి విప్పి ఒక పెన్ను తీస్తుంది. ఏం రాస్తావే అని అడిగాను. "ఎవరికీ అక్కర్లేనివి రాస్తాను. వాన అని రాస్తాను. నీలం అని రాస్తాను. దాని కింద ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు" అంది. నాకంత అర్థం కాలేదు గానీ, ఆ ఒక్కసారికి వెక్కిరించబుద్ధి కాలేదు.

ఇలా ఉండగా ఒకరోజు ఫోను చేసింది. గొంతు నీరసంగా ఉంది. వచ్చే ఆదివారం టౌను హాల్లో పెన్నుల మేళా. అది ఎప్పట్నుంచో వెతుకుతున్న రంగు ఒకటుంది. వాన వెలిసిన సాయంత్రం ఆకాశంలా ఉంటుందిట, బూడిద నీలంలో అక్కడక్కడ కాషాయం చారలు. ఆ రంగు కలిపే ముసలాయన ఇటలీలో పని మానేశాడట. అమ్మేవాడి దగ్గర మూడే పెన్నులు మిగిలాయట. పోస్టులో పంపడట, దేనికదే వేరు కాబట్టి చేత్తో పట్టుకుని ఎంచుకోవాల్సిందే అన్నాడట. ఇక ఆ రంగు మళ్ళీ రాదు. సరిగ్గా ఆ ఆదివారమే మొగుడు తన ఆఫీసువాళ్ళని మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. అంతకుముందు ఒక మేళా అత్తగారి మోకాలు నొప్పికి పోయింది, ఇంకొకటి ఇంటికి సున్నాలేయించే పనిలో పోయింది.

"ఇది కూడా పోయేట్టుంది మావయ్యా" అంది.

నాకు ఒళ్ళంతా హుషారొచ్చింది. మోసం చెయ్యడానికి అవకాశమొస్తే నాకు అన్నం కూడా అక్కర్లేదు. ఒసే సిరాబుడ్డీ, నేనుండగా నీకేం భయమే అన్నాను. ఆదివారం ఆఫీసులో ఆడిటుందని చెప్పి నువ్వు చెక్కెయ్. నేను పొద్దున్నే దిగి, నా చేతి వంట మీకు రుచి చూపించాలని వచ్చాను అంటాను. ఎవరికీ అనుమానం రాదు. వంట ఒక్కటేగా, అదెంత పని, అన్నాను. అదెంత పని, అని ఆ చివరి మాటనే అది నెమ్మదిగా తిరిగి అంది. ఆనందంతో అందనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే దిగిపోయాను. సిరాబుడ్డి అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో ఉంది. నేను కన్నుకొట్టాను, అదీ కన్నుకొట్టింది. ఆడిటరు చాలా కోపిష్టిటండీ అల్లుడుగారూ, ఆలస్యమైతే ఊరుకోడట అన్నాను. అల్లుడు అయ్యో అన్నాడు. వలలో పడ్డాడనుకున్నాను.

ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తుంటే అత్తగారు వేడినీళ్ళ సంచి అడిగింది. అది ఇచ్చొచ్చేసరికి పోపు మాడింది. మళ్ళీ పోపు పెడుతుంటే అల్లుడు తన నీలం చొక్కా ఎక్కడుందని నన్నడిగాడు. ఆ ఇంట్లో ఆయన చొక్కా నాకెలా తెలుస్తుంది? అయినా వెతికాను, దొరికింది, ఇస్త్రీ కూడా చేశాను. ఈలోగా బట్టల మిషను ఆగి కీచుమంటోంది. ఆరేశానో లేదో వాన. తీసుకొచ్చి కుర్చీల మీద వేశాను, అంతలో అతిథులు కూర్చోవడానికి కుర్చీలు కావాలి. గిన్నె కడిగితే సింకు మురికి, సింకు కడిగితే గట్టు తడి, గట్టు తుడిస్తే గుడ్డ మురికి, గుడ్డ ఉతుకుదామంటే సబ్బు లేదు. ఇంత చేస్తే ఇల్లు శుభ్రంగా ఉందని ఒక్కడూ అనలేదు. మంచినీళ్ళ గ్లాసు మీద మరకుందని మాత్రం ఒకాయన చూపించాడు. అన్నయ్యగారూ కళ్ళలో చుక్కలు, అన్నయ్యగారూ నా కళ్ళజోడు, అన్నయ్యగారూ చక్కెర లేకుండా ఒక కాఫీ. అత్తగారికి ఆ రోజు నా మీద అంత ఆప్యాయత ఎందుకొచ్చిందో అర్థం కాలేదు.

అంత పనిలోనూ నేను అబద్ధం వదల్లేదు. భోజనాల దగ్గర, ఆదివారం ఆడిటేంటండీ అని ఒకాయన అడిగాడు. ఆ ఆడిటరుకి భార్యంటే భయం, ఆదివారాలు ఇంట్లో ఉండడానికి ఒప్పుకోడు అన్నాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మీ మేనకోడలికి భోజనం పెడతారా అక్కడ అని అల్లుడు అడిగితే, ఆడిటరుకి అల్సరు, ఆయన తినడు, ఎవర్నీ తిననివ్వడు అన్నాను. మళ్ళీ నవ్వారు. ఒకావిడకి పొలమారింది కూడా. నా నోటికి ఇంత పదునుందా అని నాకే ముచ్చటేసింది.

అతిథులు వెళ్ళారు. గిన్నెలన్నీ నాకు మిగిలాయి. నడుం పట్టుకుని చివరి గిన్నె బోర్లిస్తుండగా సిరాబుడ్డి వచ్చింది. దాని మొహం చూస్తే తెలిసిపోయింది, దొరికిందని. నేను గట్టిగా, అందరికీ వినబడేలా, ఆడిటు బాగా జరిగిందామ్మా అని అడిగి కన్నుకొట్టాను.

అల్లుడు కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"ఏదీ, పెన్ను చూపించు. ఆ కాషాయం చారలే కదా?" అన్నాడు.

నా చేతిలో గిన్నె అక్కడే ఆగింది. అత్తగారు పమిట నోట్లో కుక్కుకుని భుజాలు ఎగిరేలా నవ్వుతోంది. అప్పటికిగానీ నాకు తెలీలేదు, ఆ రోజు ఆ ఇంట్లో అందరికీ అన్నీ తెలుసని. గ్లాసు మీద మరక చూపించినాయనకి కూడా.

సిరాబుడ్డి నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా చెప్పింది. ఆ రోజు నాతో ఫోను పెట్టేశాక ఆడిటు అబద్ధాన్ని రెండుసార్లు నోట్లో తిప్పుకుని చూసుకుందిట. చెప్పేయగలదు, కష్టమేం కాదు. కానీ దొంగలా వెళ్ళి తెచ్చుకున్న పెన్నుతో రేపు వాన అని రాస్తే, ఆ అబద్ధం కూడా సిరాలో కలిసి వస్తుందనిపించిందిట. నా జీతం, నా ఆదివారం, నా కళ్ళకి నచ్చిన రంగు, దీనికి నేనెందుకు దాక్కోవాలి అనుకుందిట. ఆ అనుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది మావయ్యా, చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు అంది. హాల్లోకి వెళ్ళి టీవీ ముందు నిలబడి, ఆదివారం నేను పెన్నుల మేళాకి వెళ్తున్నాను, మీ స్నేహితులకి వంట మీరు చూసుకోండి అందిట. వెళ్ళనా అని అడగలేదు, వెళ్తున్నానంది. మొగుడు టీవీ ఆపి, నాకు అన్నం వండటం కూడా రాదు కదా అన్నాడట. నేర్చుకోండి, నాకూ పుట్టుకతో రాలేదు అందిట. ఇక ఆయన మూడు రోజులు ఫోన్లో వంట వీడియోలు చూశాడట. ఈలోగా నేను రోజూ ఫోను చేసి నా ప్లానుకి మెరుగులు దిద్దుతుంటే, ఈయన చేతులు జోడించి, మావయ్యగారిని రానివ్వు, నన్ను బతికించు అన్నాడట. సరే, అయితే వచ్చే ఆదివారం వంట మీది, ఆ పై ఆదివారం కూడా మీదే అని మాట తీసుకుని మరీ ఒప్పుకుందిట. ఆ మాట వినగానే అల్లుడి నవ్వు కాస్త తగ్గింది. నాకు కొంచెం ఊరటగా ఉంది.

తర్వాత పెన్ను తీసింది. నిజమే, వాన వెలిసిన ఆకాశమే. మేళాలో మూడింటినీ కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి, కుర్చీ వేయించుకుని, ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసిందట. "ఎంతసేపు కూర్చున్నానో తెలీదు మావయ్యా. అంతసేపూ నన్నెవరూ పిలవలేదు" అంది. ఆ మాటంటూ అది నవ్విన నవ్వు ఎక్కడా ఆగలేదు.

నాకు మాత్రం కడుపు మండిపోతోంది. జీవితమంతా ఊరందర్నీ ఆటపట్టించినవాణ్ణి, నన్నింత పని చేస్తావా అన్నాను. అందరికీ నిజం చెప్పినదానివి, నాకొక్కడికి చెబితే నీ సొమ్మేం పోయింది? నేను నీ సొంత మేనమామని కాదా? వంటకి రా మావయ్యా అంటే రానంటానా?

సిరాబుడ్డి కొత్త పెన్నులో సిరా నింపుకుంటూ తలెత్తి చూసింది.

"వంటకి రమ్మని నీకు మూడేళ్ళుగా చెబుతున్నాను మావయ్యా. నవ్వి ఊరుకున్నావు. మోసం అనేసరికి పాలవాడికంటే ముందొచ్చావు."