రత్నమాణిక్యం గారి కంచం

నేను ఒక స్టీలు కంచాన్ని. మూతను కాను. ఈ ముక్క ముందే చెప్పుకోవలసి వచ్చిందంటే, నేనెలాంటి ఇంట్లో వచ్చి పడ్డానో మీరే ఊహించుకోండి.

ఒక యంత్రం రేకును గట్టిగా నొక్కితే పుట్టాను. అందులో గొప్పేమీ లేదు, నాతోపాటు వేలమంది అలాగే పుట్టారు. నా గొప్పతనం గుడివాడలో స్టీలు కొట్లో మొదలైంది. రత్నమాణిక్యం గారు నన్ను వేలితో మోగించి, అంచు తడిమి చూసి, మిగతావాటిని పక్కకు నెట్టేశారు. పేరు ఏం కొట్టమంటారని కొట్టతను అడిగితే "నా పేరే" అన్నారు. అతను మళ్లీ అడిగాడు. గిన్నెల మీద మొగుడి పేరే ఉండాలని అతని లెక్క. ఆవిడ మళ్లీ చెప్పలేదు, ఊరికే చూశారు. అతను కొట్టాడు.

ఆవిడ రిటైరైన టీచరు, ఒక్కరే ఉండేవారు. పొయ్యి మీంచి దించిన అన్నం దించినట్టే నాలో పడేది. నెయ్యి కరిగేలోపు మొదటి ముద్ద నోట్లో ఉండేది. ఎవరో రావాలని ఆగడం, ఎవరో తిన్నాక చూద్దామనుకోవడం ఆ ఇంట్లో లేవు. కంచానికి అంతకంటే మంచి బతుకు ఉండదు.

తరవాత కాశీ, హరిద్వార్ యాత్ర వచ్చింది. వంటవాళ్లనీ, గ్యాసు పొయ్యిలనీ, బియ్యం బస్తాలనీ బస్సులోనే వేసుకుని వెళ్లే రకం యాత్ర. మనవాళ్లు గంగను చూడటానికి దేశం దాటినంత దూరం వెళ్తారు గాని, పప్పులో ఇంగువ తగ్గితే గంగ మీద కూడా అలుగుతారు. ఎవరి కంచం వాళ్లే తెచ్చుకోవాలని ముందే చెప్పారు. మా పక్క సీట్లలో రాజమండ్రి దంపతులు సుహాసిని, పురుషోత్తం.

మొదటి రోజు భోజనాల దగ్గర సుహాసిని అలవాటుకొద్దీ గరిటె అందుకోబోయింది. వంటతను కూర్చోమన్నాడు. కూర్చుని తింటుంటే, "ఇంకొంచెం వెయ్యమంటారా అమ్మా?" అని అడిగాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, ఎవరినో అడుగుతున్నాడనుకుని.

"నిన్నేనమ్మాయ్" అన్నారు రత్నమాణిక్యం గారు.

హరిద్వార్ చేరేసరికి ఆవిడ తనే పప్పు మారు అడగడం నేర్చుకుంది. మొహం తేటపడింది. అందరూ గంగాస్నానం మహిమ అన్నారు. గంగకు ఇలాంటి పేర్లు ఊరికే వస్తుంటాయి.

చివరి రోజు హడావిడిగా కంచాలన్నీ ఒకే తొట్టిలో కడిగారు. పురుషోత్తం పేరున్న తన కంచం అనుకుని సుహాసిని నన్ను సంచిలో వేసుకుంది. అలా నేను రాజమండ్రి, అది గుడివాడ చేరాం. చేరిన పూటే అన్నం గిన్నె మూత కనపడలేదని నన్ను దాని మీద పెట్టారు. ఆవిరికి నా వీపంతా చెమటలు. ఏ అన్నాన్ని మోయడానికి పుట్టానో దానికి కాపలా కాయడం మొదలుపెట్టాను.

ముందు పురుషోత్తం తినేవాడు. తరవాత కొడుకు చైతన్య, లాప్‌టాప్ ముందు నుంచి లేచి వచ్చి, మళ్లీ అందులోకే చూస్తూ తినేవాడు. ఆఖర్న సుహాసిని నన్ను తీసి గట్టు మీద పెట్టి, అడుగున మిగిలిన అన్నంలో మిగిలిన పులుసు కలుపుకుని, గిన్నెతోనే, పొయ్యి పక్కన నిలబడి తినేది. కొన్నాళ్లకు అదీ సగంలో వదిలేయడం మొదలుపెట్టింది. యాత్ర నుంచి తెచ్చిన బ్యాగు ఇంకా విప్పలేదు. కూరలో ఉప్పు మరిచిపోయేది. పంపు కింద గిన్నె నిండి పొర్లిపోతున్నా అలాగే చూస్తుండేది.

ఉప్పు లేని కూర వచ్చాక గాని ఆవిడకు బాగోలేదని ఇంట్లో తెలియలేదు. తెలిశాక మాత్రం వైద్యులకు కొదవ లేదు. పక్కింటావిడ దిష్టి తీసి వెళ్లింది. చైతన్య ఫోన్లో చదివి, ఊళ్లు తిరిగొచ్చాక దిగులు రావడం మామూలేననీ, యాత్ర ఫొటోలు చూసుకోవాలనీ, వెంటనే ఇంకో ప్రయాణం అనుకుంటే సర్దుకుంటుందనీ చెప్పాడు. తండ్రి ఆ రెండూ చేశాడు. టీవీలో ఫొటోలు పెట్టాడు. అన్నింటిలో ఆయనే, వెనక హిమాలయాలు. సుహాసిని మోచెయ్యి రెండు చోట్ల కనిపించింది. తరవాత రామేశ్వరం వెళ్దామన్నాడు.

"ఆ బస్సు వంటలు నాకు పడలేదు. అక్కడ గది తీసుకుందాం, చిన్న స్టవ్వు పట్టుకెళ్తే నువ్వే వండుదువుగాని."

ఆవిడ లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. ప్రయాణమంటే సంతోషం పట్టలేకపోతోందని ఆయన కొడుకుతో అన్నాడు. మనుషులకు కళ్లెందుకు ఇచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ మధ్యాహ్నమే గుడివాడ నుంచి ఫోను. సుహాసిని చేతులు తడిగా ఉండి స్పీకరు నొక్కింది.

"మీ ఆయన నా దగ్గరున్నాడమ్మాయ్. రెండు పూటలా తోముతున్నాను. తళతళలాడుతున్నాడు."

ఇంటికొచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదలు. నవ్వు ఆగాక గొంతు మారింది.

"దిగులుగా ఉంటోందండీ. గంగ గుర్తొచ్చి కాదు. ఆ వంటతను ఇంకొంచెం వెయ్యమంటారా అనేవాడు చూడండి, అదే మాటిమాటికీ గుర్తొస్తోంది."

"ఇవాళ తిన్నావా?"

"ఇంకా లేదు. చూడాలి."

"నా కంచంలోనే తింటున్నావా?"

సుహాసినికి అబద్ధం రాదు. "మూత కనపడకపోతే అన్నం గిన్నె మీద పెట్టానండీ" అంది.

అవతల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు, స్టీలు కొట్లో విన్నాను.

"నాకు తిరిగి పంపక్కర్లేదు. ఉంచుకో. కానీ అది మూత కాదమ్మాయ్" అని ఫోను పెట్టేశారు.

మర్నాడు అన్నం ఉడగ్గానే సుహాసిని నన్ను తోమి, తుడిచి, బల్ల మీద పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. పురుషోత్తం వచ్చి, ఇంకా వడ్డించలేదేమని అడిగాడు.

"మీరు వడ్డించండి. ముందు నాకు."

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. కొడుకు వంక చూశాడు. కొడుకు ఫోను వంక చూశాడు. ఇలాంటప్పుడు ఏం చేయాలో దానిలో కూడా ఉన్నట్టు లేదు.

చివరికి ఆయన వంటింట్లోకి నడిచాడు. మూత తీసి చూస్తే తప్ప ఏ గిన్నెలో ఏముందో తెలియలేదు. నెయ్యి ఎక్కడుందని అడిగాడు, ఎప్పుడూ ఉండే చోటే అంది ఆవిడ. ఆ చోటు ఆయనకు తెలియదు. ముందు పప్పు వేసి, దాని నెత్తిన అన్నం పోశాడు. నా అంచు మీద పేరు చదివి, ఈ రత్నమాణిక్యం ఎవరని అడిగాడు. కాశీ వెళ్లి వచ్చేదాకా పక్క సీట్లో కూర్చున్న మనిషి! సుహాసిని అన్నాన్ని తిరగేసి, కలుపుకుని, నెమ్మదిగా తింది. పొగలు వస్తున్నాయి.

ఆయన గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అందులో ఇంకా పప్పు ఉంది. దాన్ని ఏం చేయాలో తోచక, కేవలం తోచక, అడిగాడు.

"ఇంకొంచెం వెయ్యనా?"

ఈసారి ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. "వెయ్యండి" అంది.

సాయంత్రం బ్యాగు విప్పింది. ఆయన మారిపోయాడనుకోకండి. మర్నాడు మరిచిపోయాడు. ఆవిడ కూర్చుంది, గుర్తొచ్చేదాకా లేవలేదు. నేనిప్పుడు రోజూ వేడన్నం మోస్తున్నాను. అసలు మూత మాత్రం దొరకలేదు. అన్నం గిన్నె మీద పురుషోత్తం గారి టిఫిను పళ్లెం పెడుతున్నారు. ఆ పనికి అది చక్కగా సరిపోయింది.