పదహారు ఆవర్తాలు

నాకు ముక్కు మీద కోపమని మా వదిన అంటూంటుంది. కాదనను. కానీ ఆ ఆదివారం పళ్ళ డాక్టరు అడిగిన మాట వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

"మేడమ్, నేను వాయించిందే మీరూ వాయిస్తున్నారేంటి? వెక్కిరిస్తున్నారా?"

ముప్ఫై ఒక్క ఏళ్ళు మా అన్నయ్య పాటకు వయొలిన్ వాయించినదాన్ని. ఆయన గొంతులోంచి సంగతి వచ్చిన అరక్షణానికి అదే సంగతి నా తీగల మీద పలకాలి. పక్కవాద్యమంటే అదే మరి. అన్నయ్య ఎక్కడ మలుపు తిప్పితే అక్కడ తిరగడం, ఎక్కడ ఆగితే అక్కడ ఆగడం. దానికోసం చిన్నప్పుడు వేళ్ళు కాయలు కాచేలా సాధన చేశాను. ఈ డాక్టరు సాక్సఫోన్ ఊదుతుంటే అలవాటు కొద్దీ వెనకాలే వెళ్ళాను, ఒక్క స్వరం జారకుండా పట్టుకున్నాను, మెచ్చుకుంటాడేమోనని చూస్తున్నాను కూడా. తీరా చూస్తే వెక్కిరింతట!

వారమంతా పళ్ళు పీకే ఈ డాక్టరుకు ఆదివారం క్లినిక్ సెలవు. వెయిటింగ్ హాల్లో కుర్చీలన్నీ గోడకు నెట్టేసి అక్కడే ఆయన బృందం వాళ్ళు జాజ్ సాధన చేస్తారు. బృందానికి పెద్ద దిక్కు కీబోర్డు అమ్మాయి. వయసు ముప్ఫై దాటదు గానీ అందరూ ఆమె మాటే వింటారు. మనిషంత ఎత్తున్న బేస్ ఫిడేలును వీపున మోసుకుని ఓ లెక్కల మాస్టారు వస్తారు. జాజ్‌లో మన రాగాలు కలిపితే ఎలా ఉంటుందో చూద్దామని వాళ్ళకు బుద్ధి పుట్టింది, నన్ను పిలిచారు. వాళ్ళంతా నిలబడి వాయిస్తారు. నేను కింద దుప్పటి పరుచుకుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి కూర్చుంటాను. వాళ్ళ మోకాళ్ళతో కచేరీ చేస్తున్నట్టుండేది.

ఎందుకెళ్ళానంటారా? అన్నయ్య పాడటం మానేసి రెండేళ్ళయింది. మాట గుర్తుండటం లేదని, ఇక చాలని, ఒకరోజు ఉన్నట్టుండి మానేశాడు. ఆయనతో పాటు నాకూ పిలుపులు ఆగిపోయాయి. "అన్నగారి వయొలిన్" అని పేరు పడ్డాక ఇంకెవరు పిలుస్తారు? ఇక్కడ కూడా కుదరకపోతే పెట్టె మూసి అటక మీద పడేద్దామని గట్టిగానే అనుకున్నాను.

వెక్కిరింత సంగతి కీబోర్డు అమ్మాయి సర్దిచెప్పింది. వాళ్ళ పద్ధతిలో ఒకరు వాయించేటప్పుడు రెండోవాళ్ళు అదే తిరిగి చెప్పరట, వాళ్ళకు తోచింది ఇంకేదో చెబుతారట. ఒక్కొక్కరికీ ముప్ఫై రెండు బార్లు, నాలుగు దెబ్బలకో బారు చొప్పున, వదిలేస్తారు. ఎనిమిది దెబ్బలకో చుట్టు తిరిగే మా ఆదితాళంలో పదహారు ఆవర్తాలని లెక్కల మాస్టారు వేళ్ళ మీద తేల్చేశారు. ఆ పదహారు ఆవర్తాలూ నావే, ఏం వాయించినా అడిగేవాళ్ళు లేరు. నెలాఖరున సంగీత పాఠశాల హాల్లో మా కచేరీ.

రాగాలాపనలో నీ వంతు నీకుండేది కదా అని మీరనొచ్చు. ఉండేది. అన్నయ్య పాడాక, ఆయన ఎంచుకున్న రాగంలో, ఆయన వేసిన దారిలో. ముందు ఆయనది వినేదాన్ని, తర్వాతే నాది.

రెండో ఆదివారం నా వంతు వచ్చింది. కమాను ఎత్తాను. ఎవరూ ఏమీ ముందుగా పాడలేదు. వెనకాల బేస్ గుబగుబమంటూ నడుస్తోంది, నేను షడ్జమం పట్టుకుని కూర్చున్నాను. ఒక ఆవర్తం, రెండు, ఐదు. అందరూ మర్యాదగా నేల చూపులు చూస్తున్నారు. పదహారూ అయిపోయాయి. నేను వాయించింది ఒక్క షడ్జమం. తల కొట్టేసినట్టయింది. మూడో ఆదివారం ఏదో తంటాలు పడి అన్నయ్య పాత స్వరకల్పనొకటి అప్పజెప్పాను గానీ, అది ఎవరిదో తెలుస్తూనే ఉందని కీబోర్డు అమ్మాయి నెమ్మదిగా అంది.

"ఏం చెయ్యమంటావమ్మా? తానా అంటే తందానా అనడమే నేర్చుకున్నాను. ఇంకొకర్ని చూసుకోండి," అని పెట్టె సర్దేశాను.

ఆ పిల్ల నన్ను బతిమాలలేదు, ఊరుకోనూ లేదు. నా అనుసరించడమేమిటో తనకు సరిగ్గా తెలుసుకోవాలనుందట, పాత రికార్డింగులుంటే ఇవ్వమంది. దేనికన్నాను. "అంత దగ్గరగా ఎలా వెళ్తారో చూడాలి పిన్నిగారూ. ఎంత వెనకుంటారో కొలవాలి," అంది. డాక్టరు కూడా చెవులు రిక్కించాడు. సరే, చూసుకోండి, అప్పుడైనా వెక్కిరింతకూ విద్యకూ తేడా తెలుస్తుందని పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చాను.

సభలవాళ్ళు గాత్రానికో మైకు, వయొలిన్‌కో మైకు పెట్టి విడివిడిగా రికార్డు చేసినవవి. తర్వాతి ఆదివారం ఆ అమ్మాయి లాప్‌టాప్ తెరిచి రెండింటినీ పైనొకటి, కిందొకటి గీతలుగా చూపించింది. ఇరవై ఏళ్ళ కిందటి కచేరీలో అన్నయ్య గీత లేచాక నా గీత లేస్తోంది, ప్రతిసారీ ఇంచుమించు ఒకే ఎడంలో. డాక్టరు నోరు తెరిచాడు. నాకు కడుపు నిండిపోయింది.

తర్వాత అన్నయ్య పాడిన చివరి ఏళ్ళలోని కచేరీ పెట్టారు. కాసేపు చూసి డాక్టరు తెరకు ముక్కు ఆనించినంత పని చేశాడు. "మేడమ్, ఇక్కడ మీరే ముందున్నారు."

మిషను తప్పన్నాను. ఇంకోటి పెట్టారు, మరొకటి పెట్టారు. కళ్ళు మూసుకుని చెవులతో విన్నాను. చరణం మొదలయ్యే చోట నా కమాను మెల్లగా, వినీవినపడనట్టు, మొదటి రెండు స్వరాలూ తాకుతోంది. అప్పుడు అన్నయ్య అందుకుంటున్నాడు. చరణంలోనే కాదు, స్వరకల్పనలో కూడా, ఎవరూ ముందుగా రాసిపెట్టని చోట. నేను పైకి వెళ్తే ఆయన పైకి వస్తున్నాడు. ఆ చివరి ఆరేళ్ళ రికార్డింగులూ అంతే.

ఒక సభలో అన్నయ్యకు రెండో పాదం తోచక నోరు తెరుచుకుని ఉండిపోవడం అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఎత్తుగడ నేనే అందించాను. ఆ రోజు మొదలు అందిస్తూనే ఉన్నానన్నమాట. ఆయన మనసులో ఏముందో ముందే పట్టేస్తున్నానని మురిసిపోయానే తప్ప, అక్కడ ఏమీ లేదేమోనని ఒక్కనాడూ అనుకోలేదు.

అటునుంచి అటే అన్నయ్య ఇంటికి వెళ్ళాను. చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఆ పని వదిన చేతికి కూడా ఇవ్వడు. విషయం చెప్పాను. కాలర్ మీద ఇస్త్రీ ఆగలేదు.

"తెలుసు," అన్నాడు. "నువ్వు చెప్పింది నేను పాడేవాణ్ణి. ఆరేళ్ళు."

"మరి చెప్పలేదేం అన్నయ్యా?"

"చెబితే నువ్వు జాగ్రత్తగా వాయించేదానివి. నువ్వు జాగ్రత్తపడితే నేను దొరికిపోయేవాణ్ణి."

కోపం ఎక్కడిదో తన్నుకొచ్చింది. ఆరేళ్ళ శాలువాలూ నీ బీరువాలోనే ఉన్నాయి కదా అన్నాను. నాకేమీ రాదనుకుని ఈ నెల్లాళ్ళూ కుమిలి చచ్చానన్నాను. ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, తలొంచుకుని అన్నీ విన్నాడు. వదిన నీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. తాగకుండా వచ్చేశాను. వారం రోజులు వాళ్ళింటి ఫోను ఎత్తలేదు. అంత కోపంలోనూ ఒక ప్రశ్న మాత్రం నన్ను తొలుస్తూనే ఉంది: ఆ స్వరాలు నావే అయితే, నా దగ్గర ఇంకేమున్నాయి? అది తేల్చుకోవడానికే కచేరీకి వస్తానని కీబోర్డు అమ్మాయికి కబురు పెట్టాను.

కచేరీ సాయంత్రం నాలుగింటికి. హాల్లో ఓ ఎనభై మంది ఉంటారు. మూడో వరసలో అన్నయ్య, ఇస్త్రీ చొక్కాలో. పిలవకుండానే వచ్చాడు. చూసి మొహం తిప్పుకున్నాను.

డాక్టరు ఊదడం ముగించి సాక్సఫోన్ దించాడు. బేస్ నడుస్తోంది. నా పదహారు ఆవర్తాలు. మొదటిది ఖాళీగానే పోయింది, పోనిచ్చాను. రెండోదాంట్లో నిషాదం మీద మొదలుపెట్టాను, ఎందుకో అడక్కండి. కీబోర్డు అమ్మాయి ఉన్నట్టుండి నా స్వరం కింద కలిపి నొక్కుతున్న స్వరాల కట్టు మార్చేసింది, నా నిషాదం ఇంకెవరిదో అన్నట్టు మోగింది. ఓహో, ఇలా కూడా ఉంటావా అనుకుని దాని వెంట పోయాను. ఒకచోట అపస్వరం పడింది. సరిదిద్దుకునే బదులు దాన్నే మూడుసార్లు వాయించి చూశాను, మూడోసారికి బాగానే ఉంది. అక్కణ్ణుంచి ఎటు వెళ్తున్నానో చూద్దామన్న ఆత్రమే తప్ప భయం గుర్తు రాలేదు. లెక్కల మాస్టారు తలూపేదాకా ఆవర్తాలు అయిపోయినట్టే తెలియలేదు.

కచేరీ అయ్యాక అందరూ చేరి ఏవేవో అంటున్నారు. అన్నయ్య మాత్రం జనం తగ్గేదాకా ఆగి, వేదిక మెట్టు మీద చెయ్యి ఆన్చుకుంటూ నా దుప్పటి దగ్గరికి వచ్చి, కింద కూర్చున్నాడు. మొహం చిన్నపిల్లాడిలా ఉంది.

"తర్వాత ఏం వాయిస్తావో ఒక్కసారి కూడా నాకు అందలేదే," అన్నాడు.

వారం రోజులుగా దాచిపెట్టుకున్న మాటలు చాలానే ఉన్నాయి నా దగ్గర. అవి అలాగే ఉంచి, ఆయనకు చోటిస్తూ కాస్త పక్కకు జరిగాను.

"నాకూ అందలేదు అన్నయ్యా," అన్నాను.