నెత్తిన నిప్పులు

ఏలుమలై పక్షవాతంతో మంచాన పడ్డాక, గంజి క్యారియర్ పట్టుకుని సోఫియా అతని గడప ఎక్కడం చూసి తామరైపాక్కంలో అందరూ ఆశ్చర్యపోయారు. ఆమె మొగుడు యేసురత్నం పోయిన రోజు, శవం తమ వీధిలో పోగూడదని కట్టె అడ్డం పెట్టినవాడు ఏలుమలైయే. నడుములోతు వాననీళ్లలో, పొలాలకు అడ్డంపడి పాడె మోసుకుపోయారు.

ఏలుమలైకి భార్య లేదు. కొడుకు పార్థిబన్ తెల్లవారకముందే గుమ్మిడిపూండి కంపెనీకి పోతాడు. ఆకలి ముందు కులం మాట ఎవరూ ఎత్తలేదు. చర్చిలో పాస్టరయ్య సోఫియాను పేరుపెట్టి మెచ్చుకున్నాడు.

పగవాడికి ఆకలైతే అన్నం పెట్టమంది బైబిలు వాక్యం. అలా పెడితే అతని నెత్తిన నిప్పులు కుప్పపోసినట్టేనని కూడా అంది. సోఫియాకు కావలసింది ఆ నిప్పులే.

మొదటిరోజు చెంచాతో తాగిస్తుంటే అతను వంకర మూతితో నవ్వాడు.

"ఎవురి బిడ్డమ్మా నువ్వు? మీ ఇంటాయన యాడ పనిచేస్తాడు?"

జబ్బు అతని జ్ఞాపకాన్ని కూడా తీసుకుపోయిందని ఆమెకు అప్పుడు తెలిసింది. చెంచా కింద పెట్టింది.

"సచ్చిపోయినాడు. పీనుగును పోనీకుండా దోవకు అడ్డం నిలబడింది నువ్వే. నీళ్లలో పాడె జారి, ఆయన మొగం బురదలో పడింది. నా కొంగుతో తుడిసినాను."

"నేనా?" అంటూ అతను ఆమె ముఖంలోకి చూసి, బావురుమన్నాడు.

ఎన్నాళ్లకో ఆమెకు కడుపు నిండినట్టయింది.

మర్నాటికి అతను మరిచిపోయాడు. ఆమె మళ్లీ చెప్పింది. అప్పుడే విన్నట్టు మళ్లీ ఏడ్చాడు. గంజితోపాటు రోజూ మధ్యాహ్నం ఆ మాటా పెట్టింది.

ఒక ఆదివారం పార్థిబన్ ఆమెను ఆపాడు.

"అక్కా, నాయన మద్దేనమైతే వణకతా ఉండాడంట. ఎందుకో నీకేమన్నా తెలుసునా?"

"తెలీదప్పా."

ఆ మాట అన్నాక ఆమెకు అన్నం సయించలేదు. తర్వాత ఏలుమలై దగ్గర పాడె సంగతి ఎత్తలేదు. గంజి చల్లార్చి, మెత్తగా మాట్లాడింది. అతనికి ఏదీ గుర్తులేదు. అయినా ఆమె అడుగుల చప్పుడు వింటే ముఖం గోడకు తిప్పుకునేవాడు. చెంచా పెదవికి తగిలితే పళ్లు బిగించేవాడు.

"తాగు పెదనాయనా. ఏమీ అననులే" అని బతిమాలేది.

అతను నోరు తెరవలేదు. చిక్కి శల్యమై, క్రిస్మస్‌కు ముందే పోయాడు.

"కన్నబిడ్డ మాదిరి చూసుకున్నావక్కా" అని పార్థిబన్ చేతులు జోడించాడు. చెప్పేద్దామని సోఫియా నోరు తెరిచింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు అవునవునన్నారు. ఆమె గడప దిగి వచ్చేసింది.

ఆ ఆదివారం అందరి ముందు నిలబడి తన సేవ గురించి సాక్ష్యం చెప్పమని పాస్టరయ్య కబురు పంపాడు. సోఫియా చర్చికి పోలేదు.